గేమ్ మధ్యలో స్క్రీన్ బ్లాక్ అవుతోందా? గ్రాఫిక్స్ కార్డ్ మార్చేముందు ఇవి చూడండి.. ఏ బ్రాండ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

గేమ్ మంచి రసపట్టులో ఉంటుంది. ఉన్నట్టుండి స్క్రీన్ నల్లగా అయిపోతుంది. క్యాబినెట్‌లో ఫ్యాన్లు ఒక్కసారిగా గోల పెడతాయి. రీస్టార్ట్ చేస్తే అంతా మామూలే, మళ్లీ గేమ్ ఓపెన్ చేస్తే పది నిమిషాలకి అదే కథ. షాపుకి తీసుకెళ్తే ఐదు నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది: "కార్డు పోయింది బాబూ, కొత్తది వేసేద్దాం".

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇది ఒక సాయంత్రం పని. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే ఒక షాపు కాకపోతే ఇంకో షాపు ఉంటుంది. ఉప్మాక లాంటి ఊళ్లో కథ వేరు. ఇక్కడి నుంచి నక్కపల్లి వెళ్లి, హైవే మీద బస్సెక్కి, విశాఖ ద్వారకానగర్ చేరేసరికి సగం రోజు అయిపోతుంది. క్యాబినెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. అక్కడ కార్డు తీసుకుని "రెండు వారాల్లో ఫోన్ చేస్తాం" అంటే మళ్లీ ఇంకో ప్రయాణం. పైగా గ్రాఫిక్స్ కార్డు అంటే ఇప్పుడు మిగతా పీసీ మొత్తం ఖర్చుతో సమానం. అందుకే కార్డు నిజంగా పోయిందా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవడం మనకి అవసరం. చాలాసార్లు తప్పు కార్డుది కాదు.

స్క్రీన్ ఏం చెబుతోందో ముందు వినండి

"డిస్‌ప్లే పోతోంది" అంటే సరిపోదు. ఎలా పోతోంది అన్నదాంట్లోనే సగం సమాధానం ఉంటుంది.

పీసీ ఆన్ చేయగానే, విండోస్ ఇంకా రాకముందే, బయోస్ స్క్రీన్ మీదే రంగురంగుల చుక్కలు, చదరంగం గళ్లు, నిలువు గీతలు కనిపిస్తున్నాయా? అయితే ఇది డ్రైవర్ గొడవ కాదు, ఎందుకంటే డ్రైవర్ ఇంకా లోడ్ కాలేదు. ముందు కేబుల్, మానిటర్ మార్చి చూడండి. అయినా అలాగే ఉంటే కార్డు మీది మెమరీ చిప్‌లో గానీ, జీపీయూ చిప్ కింద సోల్డర్‌లో గానీ తేడా ఉన్నట్టే. ఈ ఒక్క సందర్భంలో షాపువాడి మాట నిజం కావచ్చు.

స్క్రీన్ నల్లబడినా గేమ్ సౌండ్ వస్తూనే ఉందా? అప్పుడు పీసీ బతికే ఉంది, డిస్‌ప్లే వరకే పడిపోయింది. డ్రైవర్ క్రాష్, కేబుల్ లూజు, లేదా కార్డుకి కరెంటు ఒక్క క్షణం సరిగా అందకపోవడం, ఈ మూడింటిలో ఒకటి.

మొత్తం పీసీ స్విచ్ ఆఫ్ చేసినట్టు టప్‌మని ఆగిపోయి రీస్టార్ట్ అవుతోందా? ఇక్కడ ముందు అనుమానించాల్సింది కార్డుని కాదు, పవర్ సప్లైని. ఎస్‌ఎంపీఎస్‌లో ఒక రక్షణ ఉంటుంది, హద్దు దాటి కరెంటు లాగితే తనంతట తనే ఆగిపోతుంది. ఆ పని అది సరిగానే చేస్తోందేమో.

ఒకే ఒక్క గేమ్‌లో మాత్రమే సమస్య, మిగతావన్నీ బాగానే నడుస్తున్నాయంటే కార్డు జోలికి వెళ్లకండి. గేమ్ ఫైల్స్ వెరిఫై చేయండి, డ్రైవర్ మార్చండి.

తర్వాత విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ ఓపెన్ చేసి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. క్రాష్ అయిన టైమ్‌కి ఏం రాసుంది? 'డిస్‌ప్లే' పేరుతో 4101 నంబర్ ఉంటే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ లేచిందని అర్థం. మామూలుగా జీపీయూ 2 సెకన్లలో బదులివ్వకపోతే విండోసే దాన్ని రీసెట్ చేస్తుంది. ఈ 4101 దానికి గుర్తు. 'కెర్నల్ పవర్ 41' ఒక్కటే ఉంటే మాత్రం మరీ కంగారు పడకండి. యూట్యూబ్‌లో చాలామంది దీన్నే పెద్ద ఎర్రర్‌లా చూపిస్తారు గానీ, అది చెప్పేది ఒకటే: పీసీ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది అని. కరెంటు పోయినా అదే నంబర్ వస్తుంది. దాని ముందు ఏ ఎర్రరూ లేకుండా అది మాత్రమే ఉంటే, మళ్లీ పవర్ వైపే చూడాలి.

అసలు దొంగ గోడలో ఉండొచ్చు

ఇది కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో ట్రబుల్‌షూటింగ్ గైడ్లు రాసేవాళ్లకి మన ఊరి కరెంటు తెలియదు.

మా ఊళ్లో డిగ్రీ చదివే కుర్రాడొకడు. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3060 కొన్నాడు. నెల తిరక్కుండానే గేమ్ ఆడుతుంటే పీసీ రీస్టార్ట్ అవడం మొదలైంది. రెండు షాపుల్లో చూపిస్తే ఇద్దరూ కార్డే అన్నారు. ఒకాయన దాన్ని ఎక్స్‌చేంజ్‌లో చాలా తక్కువకి తీసుకుంటానన్నాడు కూడా. వాళ్ల నాన్న జీడితోటల్లో పనికి వెళ్లే మనిషి, ఇంకో పదిహేను ఇరవై వేలు అంటే ఆ ఇంట్లో చిన్న విషయం కాదు. "అన్నా, అమ్మేయమంటావా?" అని అడిగాడు. ఎప్పుడు ఆగుతోందిరా అంటే, ఆలోచించి "రాత్రి ఏడు నుంచి పది లోపే ఎక్కువ" అన్నాడు. పగలంతా ఆడినా ఏం కాదట.

కార్డుకి టైమ్ తెలియదు కదా. రాత్రి ఏడుకి అందరి ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, టీవీలు, కూలర్లు ఆన్ అవుతాయి, వోల్టేజ్ పడుతుంది. వోల్టేజ్ పడగానే వీడి యూపీఎస్ బ్యాటరీ మీదకి మారుతోంది. అది 600 వీఏ యూపీఎస్. అందులో చాలావాటికి అసలు సామర్థ్యం 360 వాట్లే, పాత బ్యాటరీ అయితే అంత కూడా రాదు. 3060 కార్డు ఒక్కటే 170 వాట్లు. ప్రాసెసర్, మానిటర్, మిగతావి కలిపితే హద్దుకి అతుక్కునే ఉంది. దానికి తోడు ఇలాంటి చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చేది నున్నటి సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే కరెంటు. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని దాన్ని తట్టుకోలేక ఆగిపోతాయి. యూపీఎస్ తీసేసి డైరెక్ట్‌గా గోడ సాకెట్‌కి పెట్టి వారం ఆడించాం. ఒక్కసారి కూడా ఆగలేదు. కార్డు ఇప్పటికీ అదే.

ఆ పనిలోనే ఇంకోటి బయటపడింది. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. వాడు దాన్ని "స్టాటిక్" అనుకుంటున్నాడు. కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి ఎర్త్‌కి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ వైరు సరిగా ఉంటే ఆ లీకేజీ నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ బాడీ మీదే దాదాపు సగం వోల్టేజ్, అంటే 110 చుట్టుపక్కల నిలబడుతుంది. కరెంటు తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమంటుంది అంతే. కానీ అదే బాడీకి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీ కలిపితే, ఆ తేడా వోల్టేజ్ పోర్ట్ మీద పడుతుంది. ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ పెట్టి తీస్తుంటే పోర్ట్ కాలిపోయిన కార్డులు మన దగ్గర తక్కువేం కాదు.

మల్టీమీటర్ ఉంటే రెండు నిమిషాల పని, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. సాకెట్‌లో ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య 230 చుట్టూ రావాలి. ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. చాలా పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ మూడో రంధ్రం వెనక వైరే ఉండదు. ఎర్త్ గొయ్యి ఉన్నా బొగ్గు, ఉప్పు వేసి వదిలేస్తారు, ఎండాకాలం అది ఎండిపోతే ఉన్నా లేనట్టే. మే నెలలో అప్పుడప్పుడు ఒక బకెట్ నీళ్లు పోయండి.

ఉరుములు మెరుపుల విషయం కూడా. ప్లగ్ తీసేస్తే చాలు అనుకుంటారు. పీసీ హెచ్‌డీఎంఐతో టీవీకి, టీవీ కేబుల్ వైరుతో వీధి స్తంభానికి కలిసి ఉంటే, ప్లగ్ తీసినా పిడుగు ఆ దారిలో వస్తుంది. ల్యాన్ కేబుల్ కూడా అంతే. ఆకాశం ముసురుకుంటే కేబుల్ వైరు, ల్యాన్ వైరు, ప్లగ్, మూడూ పీకండి.

ఇక క్యాబినెట్ లోపల. గ్రాఫిక్స్ కార్డ్ స్లాట్ నుంచి 75 వాట్లు, ఒక్కో 8 పిన్ కనెక్టర్ నుంచి 150 వాట్లు తీసుకోవడానికి ప్రమాణం ఉంది. రెండు 8 పిన్‌లు ఉన్న కార్డుకి ఒకే వైరు నుంచి చీలిన రెండు తలలు పెట్టకండి, ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు వైర్లు తీసుకోండి. పెద్ద కార్డులు సగటున ఎంత లాగుతాయో బాక్స్ మీద రాస్తారు గానీ, మిల్లీసెకన్ల పాటు దానికి చాలా ఎక్కువ లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇందుకే పుట్టింది. 100 మైక్రోసెకన్ల పాటు రేటింగ్‌కి రెట్టింపు లోడ్ వచ్చినా ఎస్‌ఎంపీఎస్ తట్టుకోవాలని అందులో ఉంది. కార్డుకి నలభై వేలు పెట్టి ఎస్‌ఎంపీఎస్ దగ్గర పన్నెండు వందల లోకల్ డబ్బా పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద పొరపాటు పీసీ బిల్డింగ్‌లో లేదు.

ఒక చిన్న టెస్ట్: ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ని 70 శాతానికి తగ్గించి, గేమ్‌ని 60 ఫ్రేమ్స్‌కి లాక్ చేసి ఆడండి. క్రాష్‌లు ఆగిపోతే సమస్య పవర్ లేదా వేడి. ఆగకపోతే డ్రైవర్ వైపు, మెమరీ వైపు వెళ్లండి.

ఉప్పు గాలి, ఉక్కపోత, బల్లులు

రివ్యూల్లో "68 డిగ్రీలే" అని చూపిస్తారు. అది 21, 22 డిగ్రీల ఏసీ గదిలో కొలిచింది. కార్డు చుట్టూ గాలి ఎంత వేడిగా ఉంటే చిప్ కూడా దాదాపు అంత వేడెక్కుతుంది. మే నెలలో మన గది 38 ఉంటే అదే కార్డు 84, 85 చూపిస్తుంది. అది లోపం కాదు, లెక్క. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో కోర్ టెంపరేచర్ ఒక్కటే కాకుండా హాట్‌స్పాట్ కూడా చూడండి. రెండింటికీ తేడా 10 నుంచి 20 డిగ్రీల్లో ఉంటే మామూలే. 30 దాటి పోతుంటే లోపల థర్మల్ పేస్ట్ ఎండిపోయిందనో, పక్కకి జారిపోయిందనో అర్థం.

సముద్రం మనకి ఎంతో దూరం లేదు. ఉప్పు తేమ మెల్లగా పని చేస్తుంది. స్లాట్‌లో దిగే బంగారు రంగు కాంటాక్టులు మసకబారితే కార్డు ఒక్కోసారి కనపడుతుంది, ఒక్కోసారి కనపడదు. కార్డు తీసి, కాంటాక్టులని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక గట్టిగా లాక్ పడేదాకా పెట్టండి. డిస్‌ప్లే అసలు రావట్లేదని షాపుకి వచ్చే పీసీల్లో ఎన్నో ఈ ఒక్క పనితో లేచి కూర్చుంటాయి. వానాకాలంలో పీసీని నెలల తరబడి ఆన్ చేయకుండా వదిలేయకండి. రోజూ కాసేపు నడిస్తే ఆ వేడికి లోపలి తేమ ఆరిపోతుంది.

దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, బ్లోయర్ గాలికి అవి హద్దు లేకుండా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. వెనక ఖాళీ స్లాట్లకి రేకులు పెట్టండి. నవ్వుకోకండి, బల్లి ఎస్‌ఎంపీఎస్‌లోకో కార్డు వెనక్కో దూరి షార్ట్ చేయడం మన వైపు నిజంగా జరిగేదే. దానికి వారంటీ ఉండదు. తుప్పు, తేమ, పురుగుల వల్ల జరిగిన నష్టం కంపెనీల లెక్కలో కస్టమర్ తప్పే.

సాఫ్ట్‌వేర్ వైపు

ఇక్కడ త్వరగా చెప్పేస్తాను. డీడీయూ అనే టూల్ డౌన్‌లోడ్ చేసుకోండి. నెట్ ఆపేయండి, లేకపోతే మధ్యలో విండోస్ అప్‌డేట్ తనకి నచ్చిన డ్రైవర్ వేసేస్తుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి, కొత్తది వేయండి. అన్నిటికన్నా కొత్తది అంటే అన్నిటికన్నా మంచిది కాదు. 2025 మొదట్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో పాటు వచ్చిన ఎన్‌విడియా డ్రైవర్లతో బ్లాక్ స్క్రీన్ సమస్యలు చాలామందికి వచ్చాయి, కంపెనీ వరుసగా ఫిక్స్‌లు ఇవ్వాల్సి వచ్చింది. పాత కార్డులు ఉన్నవాళ్లలో చాలామంది వెనకటి డ్రైవర్‌కి వెళ్లిపోయారు. ఇంకా వెనక్కి వెళ్తే 2010లో 196.75 అనే డ్రైవర్ ఫ్యాన్ కంట్రోల్‌నే చెడగొట్టింది, ఎన్‌విడియా దాన్ని వెనక్కి తీసుకుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. "వీడియో మెమరీ చాలట్లేదు" అని ఎర్రర్ వస్తే అందరూ కార్డునే తిడతారు. 2024లో ఇంటెల్ 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడేవాళ్లకి అన్‌రియల్ ఇంజిన్ గేమ్‌లలో ఇదే ఎర్రర్ వచ్చేది. తప్పు కార్డుది కాదు, ప్రాసెసర్‌ది. అవసరానికి మించిన వోల్టేజ్ వల్ల ప్రాసెసర్లే మెల్లగా పాడవుతున్నాయని తేలింది. ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టులో మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చి, వారంటీని మరో 2 ఏళ్లు పెంచింది. మీ దగ్గర ఐ7, ఐ9ల్లో ఆ జనరేషన్లవి ఉంటే ముందు మదర్‌బోర్డ్ బయోస్ అప్‌డేట్ చేసుకోండి. అలాగే ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఉంటే ఒకసారి ఆఫ్ చేసి చూడండి, అది కూడా కార్డు క్రాష్‌లానే కనిపిస్తుంది.

అన్నీ అయ్యాక మిగిలేది ఒక్క టెస్టే: ఆ కార్డుని వేరే వాళ్ల పీసీలో పెట్టడం. అక్కడా అదే రోగం వస్తే కార్డే. అక్కడ గంటలు గంటలు బాగా నడిస్తే కార్డు కాదు. దీన్ని మించిన సాఫ్ట్‌వేర్ లేదు. ఓసీసీటీలో వీఆర్యామ్ టెస్ట్ ఉంది, అందులో ఎర్రర్లు వస్తే మాత్రం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వారంటీకి పనికొస్తుంది.

కార్డు నిజంగానే పోతే, "చిప్ వేడి చేసి ఇస్తాం" అనేవాళ్ల దగ్గర జాగ్రత్త. హీట్ గన్‌తో వేడి చేస్తే కొన్నాళ్లు లేస్తుంది, తర్వాత మళ్లీ పడుకుంటుంది. మెమరీ చిప్ మార్చడం, కాలిన మాస్‌ఫెట్ మార్చడం అసలైన రిపేర్లు. ఏం మార్చారో అడగండి, పాత ముక్క చూపించమనండి.

మరి ఏ బ్రాండ్ మంచిది?

మాకు ఎక్కువ వచ్చే ప్రశ్న ఇదే. ముందు ఒక సంగతి క్లియర్ చేసుకుందాం. చిప్ చేసేది ఎన్‌విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్. దాన్ని బోర్డు మీద పెట్టి, కూలర్ తగిలించి అమ్మేది అసుస్, గిగాబైట్, ఎంఎస్‌ఐ, జోటాక్, సఫైర్ లాంటివాళ్లు. జోటాక్, ఇన్నో3డీ, గాలాక్స్ ఎన్‌విడియా కార్డులకే పరిమితం. సఫైర్, పవర్‌కలర్ ఏఎమ్‌డీకి. పేర్లు వేరైనా వెనక యజమాని ఒకరే ఉండొచ్చు, జోటాక్, ఇన్నో3డీ రెండూ పీసీ పార్ట్‌నర్ గ్రూపువే.

ఇప్పటిదాకా వచ్చిన పెద్ద పెద్ద ఫెయిల్యూర్లు చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఏ పేరూ వాటికి అతీతం కాదు. 2008లో ఎన్‌విడియా ల్యాప్‌టాప్ చిప్‌ల ప్యాకేజింగ్‌లో లోపం వచ్చి, వారంటీ ఖర్చులకి 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ఆ కంపెనీయే ప్రకటించింది. 2021 జులైలో న్యూ వరల్డ్ గేమ్ బీటా ఆడుతుంటే ఆర్‌టీఎక్స్ 3090లు కాలిపోయాయి. ఎక్కువగా వినిపించిన పేరు ఈవీజీఏ, అప్పటికి కస్టమర్ సర్వీస్‌లో ప్రపంచంలోనే మంచి పేరున్న కంపెనీ. విచారించి, దాదాపు రెండు డజన్ల కార్డుల్లో సోల్డరింగ్ సరిగా లేదని చెప్పి, కొత్తవి ఇచ్చింది. అదే ఈవీజీఏ 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డ్ వ్యాపారం నుంచే తప్పుకుంది. బ్రాండ్ నమ్మకం అంటే ఇంతే.

2022 అక్టోబర్‌లో ఆర్‌టీఎక్స్ 4090 కొత్త 16 పిన్ పవర్ కనెక్టర్లు కరిగిపోవడం మొదలైంది. ఇది బ్రాండ్‌తో సంబంధం లేకుండా జరిగింది. ఎన్‌విడియా అప్పటికి 50 దాకా కేసులు తన దృష్టికి వచ్చాయని, కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోవడం ఎక్కువ చోట్ల కారణమని చెప్పింది. తర్వాత కనెక్టర్ డిజైన్ మార్చారు. అయినా 2025లో 5090లతో మళ్లీ అలాంటి ఫోటోలే వచ్చాయి. వాడేవాళ్ల తప్పు అని పూర్తిగా తోసేయడం నాకు నచ్చలేదు. మామూలు మనిషి పెట్టే తీరుకి తట్టుకోలేని ప్లగ్ అయితే ప్లగ్ డిజైన్‌లోనే లోటుంది.

ఏఎమ్‌డీ కూడా తక్కువ తినలేదు. ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ సొంత డిజైన్ కార్డుల్లో కొన్ని 110 డిగ్రీల హాట్‌స్పాట్ చూపించాయి. జర్మనీకి చెందిన డెర్8ఆవర్ యూట్యూబ్ ఛానల్ దాన్ని పట్టుకుంది. వేపర్ చాంబర్‌లో నీళ్లు సరిపడా నింపని ఒక బ్యాచ్ వల్ల అని 2023 జనవరిలో కంపెనీ ఒప్పుకుని, మార్చి ఇచ్చింది. అదే చిప్‌తో వచ్చిన సఫైర్ లాంటి పార్ట్‌నర్ కార్డులు వేరే కూలర్‌లు కాబట్టి ఆ గొడవలో లేవు.

గిగాబైట్ విషయానికొస్తే, 30 సిరీస్‌లో స్లాట్ దగ్గర బోర్డు పగుళ్ల గురించి రిపేర్ టెక్నీషియన్లు 2023లో వీడియోలు పెట్టారు. బరువైన కార్డు ఆసరా లేకుండా వేలాడితే వచ్చేది అది, కాబట్టి కార్డు ఎవరిదైనా కింద చిన్న స్టాండ్ పెట్టండి. అట్ట ముక్క అయినా ఫర్లేదు, ఫ్యాన్‌కి తగలకపోతే చాలు. 2021లో ఆ కంపెనీ పీ750జీఎం ఎస్‌ఎంపీఎస్‌లు టెస్టుల్లో పేలిపోవడం, కార్డుతో కలిపి బండిల్‌గా అమ్మడం పెద్ద రచ్చ అయింది, చివరికి కొన్ని సీరియల్ నంబర్లకి మార్చి ఇచ్చారు. ఇవన్నీ చదివి గిగాబైట్ కొనొద్దు అంటే అది కూడా తప్పే. వాళ్ల మంచి మోడళ్లు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి.

బ్రాండ్ కన్నా మోడల్ ముఖ్యం. ఒకే కంపెనీ ఒకే చిప్‌తో మూడు రకాల కార్డులు చేస్తుంది. చవకదానిలో చిన్న హీట్‌సింక్, పలచని ఫ్యాన్లు. ఖరీదైనదానిలో దాని రెట్టింపు ఇనుము. మన వేడికి 4060 లాంటి 115 వాట్ల కార్డు అయితే చిన్న కూలర్ సరిపోతుంది. 200 వాట్లు దాటితే మాత్రం అదే బ్రాండ్‌లో అట్టడుగు మోడల్ తీసుకోకండి.

మనకి అసలైన బ్రాండ్ పోలిక వారంటీ దగ్గర మొదలవుతుంది. ఇండియాలో ఎక్కువ కంపెనీలు 3 ఏళ్లు ఇస్తాయి. జోటాక్ లాంటివి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే అదనంగా 2 ఏళ్లు ఇస్తాయి. కొన్న కొద్ది రోజుల్లోనే చేయాలి, చాలామంది మర్చిపోయి ఆ రెండేళ్లు పోగొట్టుకుంటున్నారు. కొనేముందు అమ్మేవాడిని మూడు ప్రశ్నలు అడగండి. సర్వీస్ విశాఖలోనే చేస్తారా, లేక అక్కడ తీసుకుని వేరే ఊరికి పంపుతారా? కొరియర్ పికప్ ఉందా? అదే మోడల్ స్టాక్ లేకపోతే ఏమిస్తారు? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పే బ్రాండే, మన ఊరివాళ్లకి మంచి బ్రాండ్. రెండు వేలు తక్కువని ఎవరూ వినని పేరు తీసుకుని, పోయాక చెన్నైకో ముంబైకో సొంత ఖర్చుతో కొరియర్ చేసినవాళ్లు ఉన్నారు.

అమెరికా నుంచి అన్నయ్యో బావో తెచ్చిన కార్డుల సంగతి కూడా ఇదే. రేటు బాగుంటుంది నిజమే. కానీ చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే. పోతే మళ్లీ ఎవరో అటు వెళ్లేదాకా ఆగాలి.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే

2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక మైనింగ్‌లో నలిగిన కార్డులు కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి, ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. మైనింగ్ కార్డు అనగానే పారిపోనక్కర్లేదు. చిప్ బాగానే ఉండొచ్చు, ఫ్యాన్లు, మెమరీ ప్యాడ్లు అరిగి ఉంటాయి. ఎదురుగా అరగంట గేమ్ నడిపించి, మెమరీ టెంపరేచర్ చూపించమనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

నకిలీలతోనే అసలు ప్రమాదం. పాత జీటీఎక్స్ 550 టీఐ లాంటి కార్డుకి బయోస్ మార్చి 1050 టీఐ అని అమ్మే రకం ఉంది. జీపీయూ-జడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఇలాంటివాటిని పట్టుకుని పేరు పక్కనే ఫేక్ అని చూపిస్తుంది. ఆర్‌ఎక్స్ 580 అయితే అదే సాఫ్ట్‌వేర్‌లో షేడర్ల సంఖ్య చూడండి. అసలుదానికి 2304, ఇంకో రకానికి 2048. రెండోది చెడ్డది కాదు, మొదటిదాని రేటు అడిగితే మాత్రం మోసం.

వారంటీకి పంపేటప్పుడు

స్క్రూల మీద స్టిక్కర్ చింపకండి, వారంటీ మిగిలి ఉంటే పేస్ట్ మార్చే పని పెట్టుకోకండి. సీరియల్ నంబర్, కాంటాక్టులు, బోర్డు రెండు వైపులా, పోర్టులు ఫోటో తీయండి. ప్యాక్ చేసేది మొత్తం వీడియో తీయండి, తిరిగి వచ్చాక విప్పేటప్పుడు కూడా. "ఫిజికల్ డ్యామేజ్ ఉంది" అనే ఒక్క మాటతో వెనక్కి పంపేస్తే మీ దగ్గర ఉండేది ఆ వీడియోనే. నేను పంపిన ఒక కార్డుకి ఇదే జరిగింది. బోర్డు మూల చితికి ఉందన్నారు. పంపేనాటి వీడియో మెయిల్‌కి జత చేశాక మూడో రోజున మాట మారింది, కొత్త కార్డు వచ్చింది.

అయినా వినకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. చాలా కంపెనీలు అక్కడి నుంచి మెయిల్ వెళ్లగానే కదులుతాయి. కదలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం కొన్న ఊరికో, కంపెనీ ఉన్న ఊరికో వెళ్లక్కర్లేదు. మీరు ఎక్కడ ఉంటారో ఆ జిల్లా పరిధిలోని కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. సమస్య మొదలైన 2 ఏళ్ల లోపు వేయాలి. బిల్లు తప్పనిసరి, అందుకే "బిల్లు లేకుండా అయితే వెయ్యి తగ్గిస్తాను" అన్నప్పుడు ఆ వెయ్యి కోసం ఆశపడకండి. థర్మల్ ప్రింట్ బిల్లులు ఏడాది తిరిగేసరికి తెల్లకాగితాలు అయిపోతాయి, కొన్న రోజే ఫోటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి.